తోతాపురి లెక్కలకు తొమ్మిది సీజన్లు: బి/డి వాడినాక నా మాట

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను ప్లానింగ్ చూస్తాను. పూత కనపడినప్పటి నుంచి ఆఖరి లారీ దిగేదాకా నా పని ఒక్కటే. ఈసారి మనకు ఎన్ని టన్నుల తోతాపురి వస్తుందో చెప్పాలి, చెప్పినదాన్ని ఎప్పటికప్పుడు సరిచేసుకోవాలి. డ్రమ్ములు, అసెప్టిక్ బ్యాగులు ఏప్రిల్‌లో ఆర్డరు పెడతాం. కాయ దిగేది జూన్‌లో. ఎక్కువ తెప్పిస్తే డబ్బు గోడౌన్లో ఇరుక్కుపోతుంది. తక్కువైతే మాగిన కాయ షెడ్డులో ఉండగా నింపడానికి బ్యాగు ఉండదు. ఆ రెండు నెలలు ఎంత టెన్షన్‌గా ఉంటుందో ఈ పని చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఈ పనికి తొమ్మిది సీజన్ల నుంచి బి/డి అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. పేరును స్క్వేర్ బ్రాకెట్లలో బి, గీత, డి అని రాస్తారు. బి అంటే మన నమ్మకాలు, డి అంటే డేటా. డేటా చూసి సరిచేసుకున్న నమ్మకాలు అని అర్థం. ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ గోల్డ్‌స్టీన్, డేవిడ్ వూఫ్ పేర్లు దీనితో ముడిపడి ఉన్నాయి. దీని వెనకున్న పద్ధతిని బేస్ లీనియర్ అంటారు. వాళ్లిద్దరూ దాని మీద రాసిన పెద్ద పుస్తకం 2007లో వైలీ ప్రచురణగా వచ్చింది. తెలుగులో దీని గురించి రాసినవాళ్లు నాకు ఎవరూ కనపడలేదు, అందుకని నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

తిరుపతిలో, ఎస్వీ యూనివర్సిటీలో, నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివాను. బేస్ సిద్ధాంతం అక్కడే నేర్చుకున్నాను. థామస్ బేస్ చనిపోయిన రెండేళ్లకు, 1763లో, ఆయన స్నేహితుడు రిచర్డ్ ప్రైస్ అచ్చుకు పంపిన వ్యాసంతో మొదలైన కథ అది. ముందు మనకు ఒక నమ్మకం ఉంటుంది, డేటా వస్తుంది, నమ్మకం మారుతుంది. వినడానికి ఎంత సహజంగా ఉంటుందో చేయడానికి అంత కష్టం. పూర్తి బేస్ పద్ధతిలో ముందున్న నమ్మకాన్ని మొత్తం సంభావ్యతా విభాజనంగా రాయాలి. టన్నులు ఇంత కావడానికి ఎంత అవకాశం, అంత కావడానికి ఎంత, అని చివరిదాకా చెప్పాలి. పది రాశులుంటే, అంటే అంచనా వేయాల్సినవి పది ఉంటే, పదింటికీ కలిపి చెప్పాలి. మా ఫ్యాక్టరీలో అది ఎవరికి తెలుసు? నాకూ తెలియదు.

మాకు తెలిసింది ఒక పెద్దాయనకు తెలుసు. బంగారుపాళ్యం, ఇరాల, తవణంపల్లె వైపు తోటలన్నీ నలభై ఏళ్లుగా తిరిగిన మేస్త్రీ ఆయన. నేను చిన్నాయనా అని పిలుస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనకు విభాజనం బొమ్మ గీసి చూపించి, ఈ గీత ఎక్కడ ఎత్తుగా ఉంటుందో చెప్పమన్నాను. ఆయన కాగితం వంక కాసేపు చూసి, "ఏమ్మా, సుమారుగా తొమ్మిది వేల టన్నులు అనుకో. అటూ ఇటూ పదిహేను వందలు. పిందె నిలబడితే కాయ వస్తాది. ఇంతకు మించి నన్నడగొద్దు" అన్నాడు.

బేస్ లీనియర్ పద్ధతికి సరిగ్గా అంతే కావాలి. సుమారుగా ఎంత అన్నది అంచనా. అటూ ఇటూ అన్నది ప్రామాణిక విచలనం, దాని వర్గం విస్తృతి, మనం రోజూ వేరియన్స్ అనేది. పిందె నిలబడితే కాయ వస్తుందన్నది సహసంబంధం, రెండూ ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె. ఈ మూడింటితోనే లెక్క నడుస్తుంది. సంభావ్యత కంటే అంచనానే మొదటి మెట్టుగా తీసుకోవచ్చని ఇటలీ గణితవేత్త బ్రూనో డి ఫినెట్టి వాదించాడు, ఈ పద్ధతికి పునాది అది. చిన్నాయన ఆ పేరు విని ఉండడు. చెప్పింది మాత్రం డి ఫినెట్టి అడిగిన రూపంలోనే చెప్పాడు.

లెక్క ఎలా నడుస్తుందో ఒక్కసారి దగ్గర నుంచి చూపిస్తాను. అంకెలను సులువు కోసం గుండ్రం చేశాను. సీజన్ మొత్తానికి అంచనా 9000 టన్నులు, విచలనం 1500. మొదటి పది రోజుల రాబడికి అంచనా 2000 టన్నులు, విచలనం 500. రెండింటికీ సహసంబంధం 0.6. కోవేరియన్స్ అంటే 0.6ను 1500తో, 500తో గుణిస్తే వచ్చే 4,50,000. పది రోజుల రాబడి వేరియన్స్ 500 వర్గం, అంటే 2,50,000. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.8. పది రోజులు గడిచాయి, వచ్చింది 1400 టన్నులే. అనుకున్నదానికి 600 తక్కువ. 600ను 1.8తో గుణిస్తే 1080. కాబట్టి సీజన్ అంచనా 9000 నుంచి 7920కి దిగుతుంది. విచలనం 1500 నుంచి 1200కి తగ్గుతుంది.

ఇదే సూత్రం వేరే వేషాల్లో చాలాచోట్ల ఉంది. కదిలే వస్తువు ఎక్కడుందో లెక్కగట్టడానికి వాడే, 1960లో వచ్చిన కాల్మన్ ఫిల్టర్‌లోనూ, బీమా కంపెనీలు ప్రీమియం సరిచేసుకునే క్రెడిబిలిటీ లెక్కల్లోనూ గుండెకాయ ఇదే. మరి దీనికి వేరే సాఫ్ట్‌వేర్ ఎందుకు, ఎక్సెల్‌లో రాదా, ఆర్ అనే స్టాటిస్టిక్స్ ప్రోగ్రామింగ్ భాషలో మూడు లైన్లు రాస్తే చాలదా అని నన్ను చాలామంది అడిగారు. సరిచేసిన అంచనా ఒక్కటే కావాలంటే నిజంగానే చాలు. బి/డికి ముందు ఒక సీజన్ నేను ఎక్సెల్‌లోనే చేశాను. ఆ ఒక్క అంకె చుట్టూ బి/డి వేసే ప్రశ్నలు ఎక్సెల్ వేయదు. తొమ్మిదేళ్లుగా దీన్ని వదలకపోవడానికి కారణం అదే.

మొట్టమొదట అది అడిగేది, నువ్వు చెప్పిన మాటలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా అని. రెండో సీజన్లో పూతనూ లెక్కలో చేర్చాను. చిన్నాయనను కూర్చోబెట్టి జంటలు జంటలుగా అడిగాను. పూతకూ పిందెకూ సంబంధం ఎంత? చాలా గట్టిది అన్నాడు, 0.9 అని రాసుకున్నాను. పిందెకూ మొత్తం కాయకూ? అదీ అంతే, 0.9. పూతకూ మొత్తం కాయకూ? "పూతను చూసి మోసపోకూడదమ్మా, దానికీ దీనికీ పెద్ద సంబంధం ఉండదు" అన్నాడు. 0.1 రాశాను. మూడు మాటలూ విడివిడిగా వింటే అనుభవం ఉన్న మనిషి మాటల్లాగే ఉన్నాయి. ఎక్సెల్ అయితే నోరెత్తకుండా ఏదో ఒక జవాబు ఇచ్చేది. బి/డి ముందుకు పోనివ్వలేదు. ఈ వేరియన్స్ మాతృక, అంటే ఈ అంకెలన్నీ పేర్చిన పట్టిక, అసలు వేరియన్సే కాదు పొమ్మంది.

కాగితం మీద వేసి చూశాను. మొదటి రెండూ 0.9 అయితే మూడోది 0.62 కంటే తగ్గడానికి వీల్లేదు. 0.9ను 0.9తో గుణిస్తే 0.81. అందులోంచి 1 మైనస్ 0.81, అంటే 0.19 తీసేస్తే 0.62. అంతకంటే తక్కువ చెబితే ఏదో ఒక కూడికకు వేరియన్స్ మైనస్‌లోకి పోతుంది, అలాంటిది ఎక్కడా ఉండదు. ఈ సంగతి తీసుకుని మళ్లీ చిన్నాయన దగ్గరికి వెళ్లాను. ఆయన నొచ్చుకోలేదు. ఆలోచించాడు. పూత విరగబూసిన సంవత్సరాల్లో పిందె ఎన్నిసార్లు రాలిపోయిందో, మంచు పట్టిన ఏడు ఏమైందో, తేనెమంచు పురుగు కొట్టిన ఏడు ఏమైందో ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. చివరికి పూతకూ పిందెకూ 0.5, పిందెకూ కాయకూ 0.7, పూతకూ కాయకూ 0.3 దగ్గర ఆగాం. ఇవి పొసిగాయి. ఆ మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నంత వివరంగా మామిడి గురించి నేను అంతకుముందు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇక దీంట్లో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది రిజల్యూషన్. ముందు మనకున్న అనిశ్చితిలో ఎంత భాగాన్ని ఈ డేటా తీసేస్తుంది అన్నది 0 నుంచి 1 లోపు ఒక అంకెగా చెబుతుంది. పైన చెప్పిన ఉదాహరణలో 0.6 వర్గం, అంటే 0.36. వేరియన్స్‌లో 36 శాతం పోయింది, ఇంకా 64 శాతం మిగిలింది. ఇందులో గొప్ప సంగతి ఏమిటంటే, రిజల్యూషన్ కట్టడానికి డేటా రానక్కర్లేదు. ఏ డేటా సేకరిస్తే ఎంత తెలుస్తుందో సేకరించకముందే చెప్పొచ్చు.

ఏప్రిల్‌లో తోటలకు మనుషులను పంపి పిందె లెక్కించాలంటే జీపు, డీజిలు, కూలి అన్నీ ఖర్చే. మేనేజరు ఒప్పుకోలేదు. జూన్‌లో మొదటి పది రోజుల రాబడి ఎలాగూ ఊరికే తెలుస్తుంది కదా, ఈ ఖర్చు ఎందుకు అన్నాడు. బి/డిలో పెట్టి చూపించాను. పిందె లెక్క ఒక్కటే అయితే 49 శాతం తెలుస్తుంది. పది రోజుల రాబడి ఒక్కటే అయితే 36 శాతం. రెండూ కలిస్తే 85 అనుకుంటాం. పిందెకూ పది రోజుల రాబడికీ మధ్యనే 0.5 సంబంధం ఉంది కాబట్టి, రెండూ కొంతవరకు ఒకే మాటను రెండుసార్లు చెబుతున్నాయి. కలిపితే వచ్చేది 57 శాతం. అంటే ఏప్రిల్‌లో పిందె లెక్కించేస్తే, జూన్ రాబడి కొత్తగా చెప్పేది ఎనిమిది శాతమే. పైగా బ్యాగుల ఆర్డరు ఏప్రిల్‌లోనే వెళ్లిపోతుంది. ఆ ఏడు నుంచి పిందె లెక్కకు జీపు వెళుతోంది.

ఇలా ఒక డేటా తర్వాత ఇంకో డేటా చేర్చుకుంటూ, ప్రతి మెట్టులో ఎంత కొత్తగా తెలిసిందో విడిగా చూపడం బి/డి బాగా చేస్తుంది. దాన్ని బొమ్మగానూ గీస్తుంది. ఒక్కో రాశికి ఒక వృత్తం, వాటి మధ్య బాణాలు. వృత్తం అంచున ఎంత మేర నిండిందో అంత మేర ఆ రాశి గురించి మనకు తెలిసినట్టు. బొమ్మలు పాతకాలపువిలా ఉంటాయి, కంటికి ఇంపుగా ఏమీ ఉండవు. అయినా మా మీటింగుల్లో అంకెల పట్టిక చూపిస్తే ఫోన్లు తీసేవాళ్లు ఈ వృత్తాలు చూపిస్తే ముందుకు వంగుతారు. పిందె వృత్తం నుంచి మొత్తం కాయ వృత్తంలోకి సగం దాకా నలుపు పాకితే, ఎందుకు సగమే అని వాళ్లే అడుగుతారు.

ల్యాబ్ పనిలోనూ ఇదే వాడుతున్నాను. మాగిన కాయ షెడ్డు నుంచి లైనుకు ఎక్కేముందు బ్రిక్స్ చూస్తాం, అంటే తీపి కొలత. మాకు గుజ్జులో కనీసం 14 ఉండాలి. ఒక లాటు సగటు బ్రిక్స్ 15 అని మా ముందస్తు అంచనా అనుకోండి, లాటుకూ లాటుకూ తేడా విచలనం 1. ఒకే లాటులో కాయకూ కాయకూ తేడా ఇంకా ఎక్కువ, విచలనం 2. ఎన్ని కాయలు పిండి చూడాలి? వేరియన్సులు 1, 4. నాలుగు కాయలు చూస్తే రిజల్యూషన్ సగం. పదహారు చూస్తే 80 శాతం. ముప్పై ఆరు చూస్తే 90. పదహారు నుంచి ముప్పై ఆరుకు పోతే అదనంగా ఇరవై కాయలు పిండి పది శాతం సంపాదించినట్టు. మేం పదహారు దగ్గర ఆగాం.

దీనివల్ల వచ్చే తేడా చూడండి. నాలుగు కాయల సగటు 13 వచ్చింది. సగం దూరం జరగాలి, అంచనా 14. లాటు అంచు మీద నిలబడింది, ఇంకొన్ని కాయలు చూడాలి. పదహారు కాయల సగటు 13 వచ్చిందంటే అంచనా 13.4. ఆ లాటును ఇంకో రోజు మాగబెట్టాలి. కళ్లముందు రెండుసార్లూ కనపడింది 13 అంకెనే. ఎన్ని కాయలు చెప్పాయి అన్నదాన్ని బట్టి మనం ఎంత దూరం జరగాలో మారుతుంది. ఇది ల్యాబ్ పిల్లలకు చెప్పి ఒప్పించడానికి నాకు ఒక్క పూట పట్టింది. తర్వాత వాళ్లే రికార్డులో సగటు పక్కన కాయల సంఖ్య రాయడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పదహారు కాయలూ ఏ క్రమంలో తీసినా ఒకటే అన్న నమ్మకం మీద ఈ లెక్క నిలబడుతుంది. మా షెడ్డులో తలుపు దగ్గరి క్రేట్లకూ లోపలి మూల క్రేట్లకూ మాగడంలో తేడా ఉంటుంది. మొదటి ఏడాది పిల్లలు చేతికందిన తలుపు దగ్గరి క్రేట్లలోంచే తీశారు. లైను మీద వచ్చిన గుజ్జు మా అంచనా కంటే ప్రతిసారీ అర పాయింటు తక్కువ. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. మేం దానికి ఇచ్చిన మాటలో ఉంది. ఇప్పుడు తలుపు, నడిమి, మూల అని మూడు గుంపులుగా రాసి, గుంపుల మధ్య కోవేరియన్స్ వేరుగా ఇస్తున్నాను.

బి/డిని నేను నిజంగా నమ్మిన రోజు ఇంకోటి ఉంది. అది అయిదో సీజన్. మాకు కాయ వచ్చే ర్యాంపుల్లో, అంటే రైతుల కాయ తూచి తీసుకునే చోట్లలో, రెండు పక్కపక్క ఊళ్లవి. ఒకదానికి ఎక్కువ వస్తే రెండోదానికీ ఎక్కువ వస్తుంది, సహసంబంధం 0.9 దాకా. ఆ జూన్ మొదటి వారం ఒక ర్యాంపు అంకె అంచనా కంటే ఒకటిన్నర విచలనాలు పైన, రెండోది ఒకటిన్నర కింద. విడివిడిగా చూస్తే ఏదీ వింత కాదు. ఒకటిన్నర విచలనాలు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. మా స్టోర్సులో ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు.

బి/డి వైరుధ్యం అంకె దగ్గర ఎర్ర జెండా ఊపింది. చూసిన డేటా మొత్తంగా మన అంచనాలకు ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె అది. కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన మహలనోబిస్ పేరు మీద ఉన్న దూరమే ఇది. ఎమ్మెస్సీలో పరీక్ష కోసం బట్టీ పట్టిన సూత్రం. రెండు రాశులకు అది సగటున 2 చుట్టూ ఉండాలి. ఆ రోజు వచ్చింది 45. నమ్మలేక చేత్తో వేశాను. ఒకటిన్నర వర్గం 2.25, రెండు కలిపి 4.5. ఒకటి పైకీ ఒకటి కిందికీ పోయాయి కాబట్టి సంబంధం వల్ల ఇంకో 4.05 కలుస్తుంది. మొత్తం 8.55. దాన్ని 0.19తో భాగిస్తే 45. రెండూ కలిసి పైకి పోయి ఉంటే అదే 4.05 తీసేయాలి, జవాబు మూడు కూడా ఉండదు. ఇద్దరు కవల పిల్లల్లో ఒకడు పొడుగ్గానూ ఒకడు పొట్టిగానూ కనపడితే అమ్మకు ఎలా అనుమానం వస్తుందో అలాంటిది.

సాయంత్రం బండి వేసుకుని రెండో ర్యాంపుకు వెళ్లాను. వేబ్రిడ్జి చీటీలు ఒక్కొక్కటే తీసి చూస్తే విషయం తేలింది. ఆ వారం మొదట్లో అక్కడ రాసే మనిషి సెలవు పెట్టాడు. మూడు రోజుల లారీలను పక్క ర్యాంపు పుస్తకంలో రాశారు. ఎవరూ దొంగతనం చేయలేదు, కాయా పోలేదు. కానీ రైతుల చెల్లింపులు ఆ పుస్తకాల్ని బట్టే పోతాయి. రెండో ఊరి రైతులకు డబ్బు పడేది కాదు, వాళ్లు వచ్చి ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చునేవాళ్లు. ఆ చీటీలు చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు చాలా హాయిగా అనిపించింది, ఎవరూ అడగకముందే దొరికింది కదా అని. మేనేజరు ఆ రాత్రే పుస్తకాలు సరి చేయించాడు.

ఈ వైరుధ్యం అంకె ఎందుకు అంత ముఖ్యమో చెప్పడానికి పద్ధతిలోని ఒక లోపం చెప్పాలి. బేస్ లీనియర్‌లో సరిచేసిన వేరియన్స్ మనం చూసిన అంకె మీద ఆధారపడదు. మొదటి పది రోజుల్లో 1400 టన్నులు వచ్చినా, 2000 వచ్చినా, 5000 వచ్చినా విచలనం 1200కే తగ్గుతుంది. 5000 వచ్చిందంటే మన అవగాహనే తప్పని మనిషి అనుకుంటాడు. లెక్క మాత్రం అంచనాను జరిపి, ధైర్యంగా అదే 1200 రాస్తుంది. కాబట్టి వైరుధ్యం చూడకుండా సరిచేసిన అంచనా తీసుకుపోయి ఎవరికైనా ఇవ్వడం ప్రమాదం. కొత్తగా వాడేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. వేరియన్స్‌ను కూడా డేటా నుంచి నేర్చుకునే దారి ఈ పద్ధతిలో ఉంది, అయితే దానికి నాలుగో ఘాతం దాకా నమ్మకాలు చెప్పాలి. చిన్నాయనను నేను అంత దూరం అడగలేదు.

ఇంకో ఇబ్బంది. గీత సూటిగా పోతుంది కాబట్టి ఒక్కోసారి అసాధ్యమైన జవాబు వస్తుంది. వృథా కాయ శాతాన్ని అంచనా వేయబోయాను. అంచనా 3 శాతం, విచలనం 2. వాన రోజుల సంఖ్యతో సంబంధం 0.8. ఒక ఏడు వాన రోజులు అంచనా కంటే రెండు విచలనాలు తక్కువ వచ్చాయి. సరిచేసిన వృథా మైనస్ 0.2 శాతం. షెడ్డులో కాయ కుళ్లడం మానేసి కొత్తగా పుట్టుకొచ్చినట్టు! ఇలాంటి రాశులకు లాగరిథమ్ తీసుకుని, దాని మీద నమ్మకాలు చెప్పాలి. అది సాఫ్ట్‌వేర్ తనంతట తాను చేయదు, మనం ఆలోచించుకోవాలి. అలాగే 7000 టన్నుల కంటే తక్కువ వచ్చే అవకాశం ఎంత అని మేనేజరు అడిగితే బి/డి దగ్గర నేరుగా జవాబు ఉండదు. అంచనా, వేరియన్స్ మాత్రమే ఇస్తుంది. అవకాశమే కావాలంటే పైన ఇంకేదైనా ఊహ పెట్టుకోవాలి, పెట్టుకున్నామని చెప్పాలి.

వాడుక సంగతికి వస్తే, ఇది మౌస్‌తో నొక్కి నడిపే సరుకు కాదు. కమాండ్లు టైపు చేయాలి, లేదా ఫైల్లో రాసిపెట్టుకుని నడపాలి. మొదటి నెల నాకు చిరాకుగా ఉండేది. రాశుల పేర్లు, గుంపులు, కోవేరియన్సులు, డేటా అన్నీ ఏ వరుసలో ఇవ్వాలో అలవాటు కావాలి. మాన్యువల్ పెద్దది, ఇంగ్లీషులో ఉంటుంది, గణితం కొంత వచ్చినవాళ్ల కోసం రాసింది. ఇప్పటి పిల్లలు ఆర్‌లోనో పైథాన్‌లోనో పెరిగారు, వాళ్లకు ఇది పాత టైపు మిషన్‌లా అనిపిస్తుంది. మా దగ్గర చేరిన కొత్త అబ్బాయి ఆర్‌లో అదే లెక్క రాసుకున్నాడు, అంచనాలు దశాంశాలతో సహా కలిశాయి. పొందిక తనిఖీ, వైరుధ్యం, మెట్టు మెట్టుకూ రిజల్యూషన్, ఇవన్నీ కూడా రాసుకునేసరికి అతనికి ఒక సీజన్ పట్టింది. రాసుకోవడం మంచిదే, అర్థమవుతుంది. నేనైతే ఇందులోనే ఉన్నాను.

టైపు చేసి పెట్టుకునే ఫైళ్ల వల్ల నాకు తెలియకుండానే ఒక మేలు జరిగింది. ప్రతి సీజన్ ఫైలు అలాగే ఉండిపోయింది. ఏ ఏడు ఏం నమ్మామో, ఏం చూశామో, ఎంత జరిగామో తేదీతో సహా ఉంది. మనిషి జ్ఞాపకం అయితే సీజన్ అయిపోయాక తన అంచనాను జరిగినదానికి దగ్గరగా జరుపుకుంటుంది. నేను ముందే చెప్పానుగా అంటాం. ఫైలు అలా అనదు.

ఈ పద్ధతి పెద్ద పెద్ద పనులకు వాడారని చదివాను. చమురు బావుల అడుగున ఏముందో కంప్యూటర్ నమూనాలతో పోల్చి తేల్చడానికి, గెలాక్సీలు ఎలా పుట్టాయో చెప్పే నమూనాల్లో ఏ విలువలు పనికిరావో ఏరి పారేయడానికి డర్హమ్ వాళ్లే వాడారు. ఒక్కసారి నమూనా నడపడానికి చాలా సమయం పట్టే చోట, అన్ని సంభావ్యతలూ చెప్పలేని చోట, అంచనా, వేరియన్స్‌లతో చాలా దూరం పోవచ్చన్నమాట. మా తోటలు అంత పెద్దవి కావు. ఇబ్బంది మాత్రం అదే, తెలిసింది తక్కువ, చూడటానికి ఖర్చు ఎక్కువ.

ఎవరికి పనికొస్తుంది అంటే, అనుభవం ఉన్న మనిషి పక్కన ఉండి, డేటా తక్కువగా ఉన్నవాళ్లకు. డెయిరీలో పాల రాబడి చూసేవాళ్లు, టమాట మండీ లెక్కలు చూసేవాళ్లు, చెరువుల నీటి లెక్క చూసేవాళ్లు ఒకసారి ప్రయత్నించొచ్చు. వేల వేల వరుసల డేటా ఉండి, పెద్దవాళ్ల మాటతో పనిలేనివాళ్లకు దీని అవసరం అంతగా ఉండదు. అడగడానికి ఓపిక లేనివాళ్లకు అసలే వద్దు. నా సమయంలో మూడొంతులు కంప్యూటర్ ముందు పోలేదు, చిన్నాయన ఇంటి అరుగు మీద పోయింది.

పోయిన జనవరిలో ఆయనే అడిగాడు. "ఇన్నేళ్లు నేను చెప్పిందంతా రాసి పెట్టుకున్నావు కదమ్మా, అందులో నిజమైందెంత?" ఫైళ్లన్నీ తీసి ఆయన అరుగు మీదే కూర్చుని చూశాం. ఆయన చెప్పిన అంచనా ఎప్పుడూ ఒక పక్కకు ఒరగలేదు. కొన్నేళ్లు పైన, కొన్నేళ్లు కింద. కానీ అటూ ఇటూ అని చెప్పిన పదిహేను వందలు సరిపోలేదు. చాలా ఏళ్లు అసలు రాబడి దానికి రెట్టింపు దూరం దాకా వెళ్లింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఒక్కో ఏడు ఎందుకు అంత దూరం పోయిందో వానలతో, పురుగుతో, ధరతో సహా చెప్పుకుంటూ వచ్చాడు. చీకటి పడింది, లోపల నుంచి పిన్నమ్మ రెండుసార్లు కాఫీ తెచ్చింది.

లేవబోతుంటే ఈ ఏటి మాట చెప్పాడు. "తొమ్మిది వేలే రాసుకో. అటూ ఇటూ మాత్రం ఇరవై అయిదు వందలు పెట్టు." అలాగే పెట్టాను. విచలనం పెరిగితే పిందె లెక్క ఎంత తీసేస్తుందో మళ్లీ కట్టి చూశాను. ఈసారి జీపు ఆరు తోటలు ఎక్కువ తిరగాలి.